మూలపడిన బండి ఏసీ బాగుచేయిస్తున్నారా?

పాత లారీలో, వ్యానులో ఏళ్ల తరబడి వాడని ఏసీకి గ్యాస్ నింపితే చాలునని అనేకులు అనుకుంటారు. గ్యాస్ వాడకంతో ఖర్చయిపోదు. బాగా తగ్గిందంటే సాధారణంగా ఎక్కడో లీకు ఉంటుంది. వాడకపోతే కంప్రెసర్ సీలు, రబ్బరు రింగులు ఎండి బీటలిస్తాయి.

కాబట్టి ముందుగా లీకు వెతికించండి. పాడైన రింగులు, డ్రయ్యర్ మార్పించండి. లోపల తేమ మిగిలితే ఆమ్లంగా మారి లోహాన్ని తినేస్తుంది. అందుకే వాక్యూమ్ పంపుతో గాలిని, తేమను లాగేసిన తరువాతే కొలత ప్రకారం గ్యాస్ నింపాలి. బాగా పాత బండ్లలో ఉండే ఆర్-12 గ్యాస్ ఓజోన్ పొరకు హాని చేస్తుంది. 1987 మాంట్రియల్ ఒప్పందం తరువాత దాని తయారీని క్రమంగా ఆపేశారు. దానికి బదులు ఆర్-134ఏ వాడాలంటే తగిన ఆయిలు, ఫిట్టింగులు మార్పించాలి. రెండు గ్యాస్‌లను కలపరాదు.

ఈ పని ఇంట్లో చేయవద్దు. ఆర్-134ఏ మైనస్ 26 డిగ్రీల వద్దే మరుగుతుంది. చర్మంపై పడితే మంచు గాయమవుతుంది, కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది. రుద్దకుండా గోరువెచ్చని నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే డాక్టరుకు చూపించండి.

మరొక ముఖ్యమైన హెచ్చరిక: ఏసీ బాగయింది కదా అని ఇంజిను నడుస్తుండగా అద్దాలు మూసి నిద్రపోకండి. సైలెన్సర్ గొట్టానికి చిల్లు ఉంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దానికి రంగు, వాసన ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి కనిపిస్తే వెంటనే బయటి గాలిలోకి వచ్చి ఆసుపత్రికి వెళ్లండి. ఏసీతోపాటు సైలెన్సర్‌ను కూడా తప్పక చూపించండి.