పని పెరిగింది... క్లచ్ అరిగింది!

పాత ట్రాక్టరుకు గట్టి ప్లేటు వేయించే ముందు చూసుకోవలసినవి

మాచవరం: తొలకరి పడి నేల పదునెక్కిన వేళ ట్రాక్టరు షెడ్డులో రెండు ముక్కలై కూర్చుంటే ఆ రైతు అవస్థ చెప్పనలవి కాదు. మోర్జంపాడు, పిల్లుట్ల మొదలు మండలంలో పత్తి, మిరప వేసే ఏ ఊరి రైతుకైనా దుక్కి అదను నాలుగు రోజులే. ఆ నాలుగు రోజులూ చేజారడానికి ఇంజను చెడనక్కరలేదు. జానెడు పైచిలుకు వెడల్పుండే క్లచ్ ప్లేటు అరిగితే చాలు.

ఇరవై, ముప్పై ఏళ్ల కిందటి ట్రాక్టర్లు పల్లెల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అరిగిన క్లచ్‌కు మళ్లీ పాత రకం ప్లేటే వేయించాలా, ఇంకాస్త ఖర్చుపెట్టి గట్టి రకం వేయించాలా అన్నది యజమానిని వేధించే ప్రశ్న.

పని మారింది

మన దేశంలో ఐషర్ ట్రాక్టరు 1959లో ఫరీదాబాద్‌లో తయారైంది. స్వరాజ్ 1974లో వచ్చింది. ఆ రోజుల్లో ట్రాక్టరు పని అంటే నాగలి, గొర్రు, ట్రక్కు. ఆ మూడింటినీ లాగేది చక్రాలే. తర్వాత రోటావేటరు వచ్చింది. దాన్ని తిప్పేది ట్రాక్టరు వెనక నిమిషానికి 540 చుట్లు తిరిగే పీటీవో ఇరుసు. సింగిల్ క్లచ్ బండిలో చక్రాలకూ, పీటీవోకూ కలిపి ఒకటే ప్లేటు.

మొండి గడ్డ తగిలి డ్రైవరు పెడలు తొక్కితే చక్రాలతోపాటు రోటావేటరూ ఆగిపోతుంది. మళ్లీ వదిలేసరికి మట్టిలో దిగబడిన కత్తులనూ, బండినీ ఒక్కసారే కదిలించాలి. ఆ బరువుకు ప్లేటు జారుతుంది, వేడెక్కుతుంది, లైనింగు మాడుతుంది. పెడలును సగం తొక్కిపట్టి నడిపితే ఇక చెప్పనక్కరలేదు.

ముందు రోగం తెలియాలి

ఇంజను మోత పెరిగినా వేగం పెరగదు. ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగదు. మాడిన వాసన వస్తుంది. క్లచ్ జారుతున్నదనడానికి ఇవే గుర్తులు. అలాంటి బండికి ట్రక్కు తగిలించి మిరప కోతలకు కూలీలను తీసుకెళ్లడం ప్రాణాలతో చెలగాటమే. ఎత్తు మీద క్లచ్ పట్టు వదిలితే ట్రక్కు బరువంతా వెనక్కు లాగుతుంది. అప్పుడు బ్రేకులే దిక్కు.

అయితే క్లచ్ జారినప్పుడల్లా ప్లేటు అరిగిందనుకోరాదు. పెడలుకు కొంత ఖాళీ ఆట ఉండాలి. చాలా ట్రాక్టర్లలో అది 20 నుంచి 25 మిల్లీమీటర్లు. కచ్చితమైన కొలత కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆట లేకపోతే కాలు తీసినా క్లచ్ కొంత తొక్కినట్టే ఉంటుంది. దాన్ని సరిచేయడానికి స్పానరు చాలు. ఇంకొక కారణం, ఇంజను వెనక సీలు కారి నూనె ప్లేటు మీద పడటం. సీలు మార్చకుండా ఎంత ఖరీదైన ప్లేటు వేసినా మళ్లీ అదే తంతు.

ఏ ప్లేటు మేలు?

మామూలు లైనింగు ప్లేటు మెత్తగా పట్టుకుంటుంది. దుక్కికి, ట్రక్కుకు అది చాలు. రోటావేటరు ఎక్కువగా తిప్పేవారికి లోహపు పొడి, పింగాణీ పొడి కలిపి కాల్చిన బిళ్లల ప్లేట్లు దొరుకుతున్నాయి. ఇవి వేడికి బాగా ఓర్చుకుంటాయి. కానీ పట్టు ఒక్కసారిగా వస్తుంది. పెడలు నిదానంగా వదలకపోతే ఆ కుదుపు గేరుబాక్సు మీద పడుతుంది. ఫ్లైవీలు ముఖమూ త్వరగా అరుగుతుంది. ప్రెషర్ ప్లేటు స్ప్రింగులు బలం తప్పి ఉంటే ఏ ప్లేటు వేసినా ప్రయోజనం లేదు. ప్లేటు వెడల్పు, మధ్యలోని పళ్ల లెక్క పాతదానితో సరిపోవాలి.

రోటావేటరుకు అసలైన మందు డబుల్ క్లచ్. పెడలు సగం తొక్కితే చక్రాలు మాత్రమే ఆగుతాయి, పూర్తిగా తొక్కితేనే పీటీవో ఆగుతుంది. అయితే దీనికి గేరుబాక్సులో పీటీవోకు వేరే ఇరుసు ఉండాలి. అది లేని పాత బండికి క్లచ్ ఒక్కటే మార్చి లాభం లేదు. మొత్తం ఖర్చు లెక్కగట్టుకునే దిగాలి.

విప్పినప్పుడే అన్నీ

ప్లేటు చిన్నదే అయినా దాన్ని మార్చాలంటే ఇంజనునూ, గేరుబాక్సునూ విడదీయాలి. విప్పే కూలి ఒకటే కాబట్టి రిలీజ్ బేరింగు, పైలట్ బేరింగు, సీలు అప్పుడే చూసి మార్చుకోవడం లాభం. ఫ్లైవీలుకు గాడులు పడితే లేతు మీద చదును చేయించాలి. విడదీసేటప్పుడు ముందు ఇరుసుకు రెండు పక్కలా చెక్క దిమ్మెలు బిగించాలి. లేకుంటే ఇంజను పక్కకు ఒరుగుతుంది. జాకీని ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరడం ప్రమాదం. పాత లైనింగు దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. అది ఊపిరితిత్తులకు చేటు. గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి.

ఈ పనికి వేసవే తగిన కాలం. తొలకరి దాకా ఆగితే షెడ్డుల దగ్గర వరస కట్టాలి. ప్లేటు ఏ రకం వేయించినా, పెడలు మీద కాలు ఆనించి నడిపే అలవాటు మానకపోతే పెట్టిన డబ్బు మట్టిపాలే. ఆ సంగతి కొత్త ప్లేటు బిగించిన రోజే డ్రైవరుకు చెప్పడం మంచిది.