‘డిస్‌క్లోజ్’: చెప్పి తీరవలసినదేది?

బీమా ఫారాల్లోను, కాంట్రాక్టు పత్రాల్లోను తరచు కనిపించే ఇంగ్లీషు క్రియ ‘డిస్‌క్లోజ్’. మూసినదాన్ని తెరవడమని మూలార్థం, వెల్లడించడమని వాడుక. ‘రివీల్’కూ దాదాపు ఇదే అర్థం. ‘డైవల్జ్’ అంటే గుట్టుగా ఉంచవలసినదాన్ని బయటపెట్టడం. వ్యాపారంలో ‘డిస్‌క్లోజ్’ అన్నప్పుడు, చెప్పే బాధ్యత ఉన్నదా లేదా అన్నదే ముఖ్యం.

ధరలు మారనున్నట్లు ఒక వర్తకునికి ముందే సమాచారం అందింది. అది తెలిస్తే ఎదుటివారు బేరానికి వెనుకాడవచ్చు. అయినా చెప్పి తీరాలన్న నిర్బంధం లేదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్‌లోనే ఉదాహరణ ఉంది. మౌనం వేరు, అబద్ధమాడడం వేరు.

ఓడ సరుకు బీమాకు ఈ వెసులుబాటు లేదు. ప్రీమియంను, రిస్కును నిర్ణయించడంలో ప్రభావం చూపే విషయాలు తనకు తెలిసినవన్నీ ఒప్పందం కుదిరేలోగా బీమాదారుడు చెప్పాలి. దాస్తే బీమా సంస్థ కాంట్రాక్టును రద్దు చేసుకోవచ్చునని 1963 నాటి మెరైన్ ఇన్సూరెన్స్ చట్టం 20వ సెక్షన్ చెబుతున్నది.

బ్రోకర్లకు ముఖ్యమైనది కాంట్రాక్టు చట్టం 230వ సెక్షన్. ఎవరి తరఫున బేరం చేస్తున్నదీ పేరు వెల్లడించకపోతే, ఏజెంటే స్వయంగా బాధ్యుడని చట్టం సామాన్యంగా భావిస్తుంది. ధర పడిపోయి పార్టీ మొహం చాటేస్తే, నష్టం బ్రోకరు మెడకు చుట్టుకుంటుంది. కనుక సంతకానికి ముందే పార్టీ పేరు కాగితం మీద ఉండడం మేలు.

ఉత్తరాల్లో ‘డిస్‌క్లోజ్ ది నేమ్ టు ది సెల్లర్’ అని రాయాలి. ‘డిస్‌క్లోజ్ అబౌట్’ అనడం తప్పు.