ఒక తాలూకా, ఐదు నగరాలు, 128 సంఖ్యల దూరం

బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకా గతాన్ని మూలపత్రాల్లోంచి చదవాలనుకునే విద్యార్థి కనీసం ఐదు నగరాల వైపు చూడాలి. 1800లో దత్తమండలంగా ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది మొదలు 1953 దాకా, అంటే 153 ఏళ్ళు, ఈ ప్రాంతం మద్రాసు పాలనలో ఉంది. ఆనాటి రెవెన్యూ బోర్డు కాగితాలు చెన్నై ఎగ్మూరులో ఉన్నాయి. కేంద్ర పురావస్తు శాఖ తీయించిన శాసనాల అచ్చులు మైసూరులో ఉన్నాయి. తాలూకాలోని తెక్కలకోట కొండల్లో 1963-64లో జరిగిన నవీన శిలాయుగపు తవ్వకాల నివేదిక 1965లో పుణె దక్కన్ కాలేజీ నుంచి వెలువడింది. కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ సేకరించిన చేతిరాత ప్రతుల్లో ఒక భాగం లండన్ చేరింది. దేశంలోని శాసనాలన్నిటినీ ఒకచోట చేర్చేందుకు 2023 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన భారత్ శ్రీ పథకానికి హైదరాబాదును ఎంచుకున్నారు. తొలి దశ లక్ష్యం లక్ష శాసనాలు.

తక్కువ చరిత్ర ఉన్న నేల కాదిది. తాలూకాలోని నిట్టూరు, ఉదేగోళంలలో 1970ల చివర అశోకుడి శాసనాలు బయటపడ్డాయి. చక్రవర్తిని అశోకుడన్న పేరుతోనే ప్రస్తావించే ఆయన సొంత శాసనాలు దేశం మొత్తంలో నాలుగు చోట్లే ఉన్నాయి: మస్కి, గుజర్రా, నిట్టూరు, ఉదేగోళం. అందులో రెండు సిరుగుప్ప తాలూకావే.

ఇక్కడి చిక్కు దూరం ఒక్కటే కాదు. 1953 అక్టోబరు 1న బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, సిరుగుప్ప మైసూరు రాష్ట్రంలో చేరింది. అంతకు ముందే శాసన సంపుటాలు భాషను బట్టి వేరుపడ్డాయి. దక్షిణ భారత శాసనాల 9వ సంపుటం (1939, 1941) మద్రాసు ప్రెసిడెన్సీ కన్నడ శాసనాలది. 10వది (1948) తెలుగు శాసనాలది. రెండు భాషలూ ఒకే వీధిలో వినిపించే ఊరి చరిత్ర కోసం రెండు పుస్తకాలు, రెండు సూచికలు వెతకాలి. ఈ లోటును పూడ్చగలిగేది డిజిటల్ ఆర్కైవే అని నా గట్టి నమ్మకం.

ఎలాగంటే, కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ యూనికోడ్ ఒక సంఖ్య ఇచ్చింది. తెలుగుకు 3072 నుంచి 3199 వరకు, కన్నడకు ఆ వెంటనే 3200 నుంచి 3327 వరకు కేటాయించింది. తెలుగు ‘క’ 3093, కన్నడ ‘క’ 3221, తేడా 128. దాదాపు అన్ని ఉమ్మడి అక్షరాలకూ ఇదే తేడా. ‘సిరుగుప్ప’ అన్న మాటలో ఉన్న 9 సంకేతాలకూ 128 చొప్పున కలిపితే అది కన్నడ లిపిలో కనిపిస్తుంది. కాబట్టి ఊరి పేరును తెలుగులో కొట్టి, కన్నడ పాఠంలోనూ వెతకడం చిన్న ప్రోగ్రాముతో అయ్యే పని. అయితే పాఠం యూనికోడ్‌లో ఉండాలి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసినదీ, ఉత్త బొమ్మగా స్కాన్ చేసినదీ ఈ వెతుకులాటకు దొరకవు. పేర్ల వర్ణక్రమం పాత రికార్డుల్లో రకరకాలుగా ఉంటుంది గనుక ప్రతి పత్రానికీ ఊరి అక్షాంశ రేఖాంశాలు కూడా రాయాలి. సిరుగుప్పకు అవి సుమారు 15.6, 76.9.

ఇక ఖర్చు సంగతి. ఏ4 పేజీని అంగుళానికి 400 చుక్కల చొప్పున రంగుల్లో స్కాన్ చేస్తే కుదించని ఫైలు దాదాపు 46 మెగాబైట్లు. 300 పేజీల పుస్తకం 14 గిగాబైట్లు. మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊళ్ళో అన్నది ఆర్కైవ్‌ల వాళ్ళు పాటించే పద్ధతి. ఆ లెక్కన పుస్తకానికి 42 గిగాబైట్లు. నాలుగు టెరాబైట్ల డిస్కులో ఒక్కో కాపీ చొప్పున 280 పుస్తకాలు పడతాయి. పంచాయతీ గ్రంథాలయానికి సైతం మోయలేని భారం కాదు.

మూడు కాపీలు ఎందుకో ఇటీవలి ఉదాహరణలు చెబుతాయి. 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగాక బ్రిటిష్ లైబ్రరీ డిజిటల్ చేతిరాత ప్రతులు నెలల తరబడి తెరుచుకోలేదు. మన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటూ మూతపడింది. ఈ రోజు ఎందరో తెలుగు పరిశోధకులు ఆ పుస్తకాలు చదువుకోగలుగుతున్నారంటే, 4 లక్షలకు పైగా పుస్తకాల కాపీలు ముందే ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరడమే కారణం. పంచి ఉండకపోతే అవి ఇంత సులువుగా దొరికేవి కావు.

పంచడానికి చట్టం అడ్డమని వెనకాడేవారు లెక్క చూసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్ళు, ప్రభుత్వ ప్రచురణకైతే వెలువడ్డాక 60 ఏళ్ళు హక్కులుంటాయి. 1941 నాటి శాసన సంపుటం 2002 నుంచే అందరిదీ. దాన్ని స్కాన్ చేసి తాళం వేసే సంస్థ ప్రజాధనంతో చేసిన పనిని ప్రజలకే దాచిపెడుతున్నట్టు.

సిరుగుప్ప, తెక్కలకోట, చుట్టుపక్కల ఊళ్ళ పెద్దలకు ఒక మనవి. మీ ఇంట్లో పాత కరణం లెక్కలో, దానపత్రమో, తాటాకు కట్టో ఉంటే ఎవరికీ ఇచ్చెయ్యకండి. వెలుగులో ఫొటోలు తీయించండి. ఊరు, తేదీ, లిపి, భాష, ఎవరి దగ్గర ఉందో పక్కనే రాయించండి. ఒక కాపీ ఇంట్లో ఉంచుకుని, ఇంకోటి దగ్గరి కళాశాల గ్రంథాలయానికి, మూడోది అందరూ చూడగల ఆర్కైవ్‌కు ఇవ్వండి.