రాగిబిళ్ళ మీది సంవత్సరం

పిల్లలూ! కామారెడ్డి జిల్లా బీర్కూర్‌లో మంజీర ఒడ్డున నిలబడితే ఓడలు కనిపించవు. కాని మీ ముందు పారే ఆ నీళ్ళు కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసి, చివరికి సముద్రం చేరతాయి. సముద్రం దాటితే ఎన్ని ఓడలైనా ఉన్నాయి. వాటిలో ఒక ఓడ కథ ఈవేళ చెప్పుకుందాం.

ముందు ఒక పని చెయ్యండి. మీ నాయనమ్మ పెట్టెలో నిజాం కాలపు రాగి పైస ఏదైనా ఉంటే అరచేతిలో పెట్టుకుని చూడండి. దాదాపు అలాంటి రాగిబిళ్ళలే ఆ పెద్ద ఓడ బాగుపడటానికి సాయపడ్డాయి!

అమెరికాలో బాల్టిమోర్ అనే రేవుపట్నం ఉన్నది. 1955లో కాన్‌స్టెలేషన్ అనే పాత యుద్ధపు ఓడను అక్కడికి తెచ్చారు. అది కర్రతో కట్టిన ఓడ. అప్పటికే బాగా శిథిలమైంది. బాగు చెయ్యాలంటే చాలా డబ్బు కావాలి. అందుకు ఒక ఉపాయం చేశారు. ఓడనుంచి తీసిన రాగితో బిళ్ళలు అచ్చువేసి, జ్ఞాపికలుగా అమ్మారు. ఓడ బొమ్మ, 1797 అనే సంవత్సరం వాటిమీద ఉండేవి. కొన్నవారికి ఓడలో ఒక చిన్న ముక్క దక్కేది. ఓడకు మరమ్మతు డబ్బు దక్కేది.

కర్ర ఓడలో రాగి ఎందుకున్నది అంటారా? ఉప్పునీటిలో కలపను తొలిచే జీవులుంటాయి. చూడటానికి పురుగుల్లా ఉంటాయి గాని, అవి ఆలుచిప్పల జాతివి. ఇంటి దూలాన్ని చెదలు తిన్నట్లు అవి ఓడ అడుగును తినేస్తాయి. అందుకని అడుగంతా రాగిరేకు తాపడం చేసేవారు. రాగిని ఆనుకుని ఇనుము ఉంటే, ఉప్పునీటిలో ఆ ఇనుము త్వరగా తినుకుపోతుంది. కనక ఓడ అడుగున మేకులు కూడా రాగివే కొట్టేవారు.

ఇక అసలు చిక్కు వినండి. 1797లో ఇదే పేరుగల యుద్ధపు ఓడ ఒకటి బాల్టిమోర్‌లోనే తయారైంది. రేవులో ఉన్నది అదేనని ఊరివారు నమ్మారు. అలా కనిపించేటట్లే మరమ్మతులు కూడా చేశారు. కాని కొందరు పండితులకు అనుమానం తీరలేదు. ఓడ ఆకారం, పాత పటాలు, దస్తావేజులు అన్నీ పోల్చి చూశారు. 1991లో నిజం తేలింది. 1797 నాటి ఓడను 1853లోనే నార్‌ఫోక్ దగ్గర విప్పేశారు. అక్కడే మరో ఓడ కట్టి, అదే పేరు పెట్టి, 1854లో నీళ్ళలోకి దించారు. మిగిలి ఉన్నది ఈ రెండోదే! పాత ఓడ ఇదేనని చూపిన కాగితాల్లో కొన్ని దొంగవని కూడా బయటపడింది.

మరి ఊరివారు ఓడను పారేశారా? లేదు. 1996 నుంచి 1999 వరకు మళ్ళీ పని చేసి, దానికి 1854 నాటి రూపమే ఇచ్చారు. దాని అసలు చరిత్ర ఏమంత చిన్నది? 1860లో ఆఫ్రికా తీరాన ఈ ఓడ, బానిసలను తరలిస్తున్న కోరా అనే ఓడను వెంబడించి పట్టుకున్నది. అందులో ఉన్న 705 మందికి విముక్తి కలిగింది. లేని పాతదనం అంటగట్టకపోయినా, ఆ ఓడ గౌరవానికి ఈ ఒక్క పని చాలదూ?

చూశారా, పిల్లలూ! ఆ బిళ్ళలోని రాగి నిజమైనదే. దాన్ని కొన్నవారి ప్రేమా నిజమైనదే. సంవత్సరం మాత్రం తప్పు. కనక పాత వస్తువు ఏది దొరికినా భద్రంగా దాచండి. కాని దానిమీద రాసి ఉన్నది కదా అని వెంటనే నమ్మెయ్యకండి. పెద్దల్ని అడగండి, పుస్తకాలు చూడండి, రెంటినీ పోల్చండి. నాయనమ్మ పెట్టెలోని పైసతోనే మొదలు పెట్టండి!