మూసిన రెప్ప మీద స్కానింగ్

సుమ్మాదేవి, పలాస చుట్టుపక్కల స్కానింగ్ అంటే కడుపుతో ఉన్నవాళ్లకో, కిడ్నీ జబ్బు వాళ్లకో తీసేది. కిడ్నీలు కుంచించుకుపోయాయేమోనని చూసే ఆ మెషీనే, ఉన్నట్టుండి చూపు పోయిన కంటి గురించి కూడా చాలా చెబుతుంది. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఈ ఉద్దానం ప్రాంతపు జనానికి ఇది తప్పక తెలియాలి.

కంటి డాక్టరు లోపలికి చూడాలంటే వెలుతురు రెటీనా దాకా వెళ్లాలి. ముదిరిన శుక్లమో, లోపల కారిన రక్తమో అడ్డుపడితే ఆయనకూ ఏమీ కనబడదు. స్కానింగ్ మెషీన్ పంపే శబ్ద తరంగాలకు ఆ అడ్డు లేదు. పైగా కన్ను ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లే, లోపల చాలామటుకు నీరు, జిగురే. 1956లో ముంట్, హ్యూస్ అనే అమెరికా డాక్టర్లు కంటిని ఈ తరంగాలతో పరీక్షించారు. 2002లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో, ఎమర్జెన్సీ డాక్టర్లు మంచం దగ్గరే 61 మందికి ఈ స్కాన్ తీస్తే, 60 మందిలో వాళ్లు చెప్పింది తర్వాతి పరీక్షలతో సరిపోయింది.

రోగి వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుంటే, రెప్ప మీద జెల్లీ దండిగా వేస్తారు. మెషీన్‌కు ఉండే ప్రోబ్ ఆ జెల్లీ మీదే ఆనాలి, కంటిని నొక్కకూడదు. అందుకే డాక్టరు చిటికెన వేలు రోగి ముక్కు దూలం మీద ఆన్చి చెయ్యి కుదుర్చుకుంటారు. బాగున్న కన్ను స్క్రీన్ మీద నల్లగా, గుండ్రంగా కనిపిస్తుంది. రెటీనా ఊడితే ఆ నలుపులో తెల్లటి పొర లేస్తుంది. కంటి నరం దగ్గర మాత్రం అది వదలదు, కొయ్యకు కట్టిన తెరచాపలా అక్కడ పట్టుకునే ఉంటుంది. “కళ్లు తెరవకుండానే అటూ ఇటూ చూడమ్మా” అన్నప్పుడు లోపల తెల్లటి నలుసులు సుడి తిరిగితే రక్తస్రావమని అనుమానించాలి.

ఈ తేడా పలాసలోనే తెలియడం ఎందుకు ముఖ్యమంటే, ఆపరేషన్‌కు వెళ్లాల్సిన విశాఖ దాదాపు 200 కిలోమీటర్ల దూరం. రెటీనా ఊడటం మొదలై, చదవడానికి పనికొచ్చే నడిమి భాగం ఇంకా అంటుకునే ఉంటే, ఆపరేషన్ ఒకటి రెండు రోజుల్లోనే జరగాలి. అలాంటివాళ్లు తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే బయల్దేరాలి. డయాలసిస్ రోగి కంట్లో రక్తం కనిపిస్తే ఇంకో పని ఉంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ గురించి డయాలసిస్ డాక్టరు మళ్లీ ఆలోచించాలి కాబట్టి ఆయనకు వెంటనే చెప్పాలి. 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి మొదలైన ఊరికి ఇది దూరపు సంగతి కాదు.

జీడి పిక్కలు కొట్టేటప్పుడు పెంకు ఎగిరి తగిలో, కొబ్బరి మట్ట మీద పడో కనుగుడ్డు చిట్లిందని అనుమానం ఉంటే మాత్రం ప్రోబ్ పెట్టకూడదు. కన్ను నలపకుండా, గట్టి మూత కాపుగా పెట్టి పంపాలి. జీడి నూనె కంట్లో పడితే ముందు నీళ్ల ధార కింద చాలాసేపు కడగాలి, మిగతావన్నీ ఆ తర్వాతే.

రెటీనాకు పడ్డ చిన్న చిరుగు ఈ స్కాన్‌కు చిక్కకపోవచ్చు. కొత్తగా మెరుపులు, నల్లటి చుక్కలు కనిపిస్తున్నవాళ్లకు స్కానింగ్ బాగుందని రిపోర్టు వచ్చినా, కంట్లో మందు వేసి రెటీనాను చూసే పరీక్ష ఆలస్యం చేయకుండా జరగాల్సిందే.