బెండు బత్తాసులు

జాతరకు పోయినవాడు వట్టి చేతులతో ఇల్లు చేరరాదని మన పెద్దలు చెప్పేవారు. తేరు చక్రాలు కనబడకపోయినా సరే, దేవుని దర్శనము దూరమునుంచే అయినా సరే, కాగితపు పొట్లములో కట్టిన బెండు బత్తాసులు మాత్రము చేతిలో ఉండవలె. బళ్ళారి సీమలో తరతరాలుగా కాపురమున్న మన కుటుంబాలలో ఈ ఆచారము తెలియనివారు ఉండరు.

ఇప్పుడు అంగళ్ళలో దొరకని తీపి లేదు. రంగు కాగితాలు చుట్టిన చాకొలెట్లు, నేతి మిఠాయిలు, డబ్బాలలో వచ్చే విదేశీ బిస్కత్తులు అన్నీ ఉన్నవి. అయినా బళ్ళారి కనకదుర్గమ్మ సిడిబండినాడు, కొట్టూరు గురు బసవేశ్వరుని తేరునాడు, శ్రావణమాసములో ఉరుకుంద ఈరన్నస్వామి సన్నిధిలో, గుట్టగా పోసిన తెల్లని బత్తాసుల ముందు జనము ఆగక మానరు. పక్కనే బొరుగులు, ఖర్జూరాలు, కారాసేవ. అన్నీ కలిపితే జాతర పళారము. ఇంత సామాన్యమైన తీపికి ఇంతకాలము ఈ ఆదరణ ఎట్లు నిలిచినదా అని మేము చాలాసార్లు ఆలోచించినాము. మాకు తోచిన నాలుగు మాటలు పాఠకుల ముందు పెడుతున్నాము.

బత్తాసు చేయటములో పెద్ద రహస్యమేమీ లేదు. చక్కెరను నీళ్ళలో కరగబెట్టి, పాకము ముదరనిచ్చి, చిటికెడు వంటసోడా వేసి కలియబెట్టి, చాపమీదనో గుడ్డమీదనో చుక్కలు చుక్కలుగా విడుస్తారు. వేడికి సోడాలోనుంచి బొగ్గుపులుసు వాయువు పుట్టి పాకమును పొంగిస్తుంది. పొంగినది పొంగినట్లే గట్టిపడుతుంది. విరిచి చూస్తే లోపల తేనెపట్టు వలె సన్నని గూళ్ళు కనబడతవి. అందుచేతనే నాలుకపై పెట్టిన మరుక్షణమే కరిగిపోతుంది. తూకమునకు కొంచెము, చూపునకు పొట్లము నిండుగా! పిల్లలున్న ఇంటికి ఇంతకంటె ఏమి కావలె?

హిందీవారు దీనిని బతాషా అంటారు, బెంగాలీవారు బాతాసా అంటారు. బెంగాలీలో బాతాస్ అంటే గాలి. మన భాషలో బెండు అన్నా జీలుగబెండు వలె తేలికైనదనే గదా! మనము కొనేది సగము చక్కెర, సగము గాలి అన్నమాట.

ఇక్కడ గృహిణులకు ఒక మనవి. బత్తాసు తేమ తగిలితే జిగురుపడుతుంది గనుక ఇంటికి రాగానే మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోయవలె. కొనేటప్పుడు తెల్లవే ఏరి కొనుట మంచిది. పీచుమిఠాయిలో రోడమిన్-బి వంటి హానికరమైన రంగులు కలుపుతున్నారని తేలి, 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వము అందులో కృత్రిమపు రంగులను నిషేధించినది. మిఠాయికి గులాబిరంగు ఎంత ముద్దుగా ఉన్నా, పిల్లల కడుపుకంటె ముద్దైనది కాదు.

గాలిని తీపిలో బంధించే విద్య మనదొక్కరిదే కాదు. తెల్లవారి దేశాలలో మార్ష్‌మాలో అనే మెత్తని తీపి ఉన్నది. అది నిజానికి చిత్తడి నేలలలో పెరిగే ఒక మొక్క పేరు. దాని వేరులోని జిగురు పూర్వము గొంతునొప్పికి మందు. 19వ శతాబ్దములో ఫ్రాన్సు మిఠాయివారు ఆ జిగురును చక్కెరతోను, గుడ్డు తెల్లసొనతోను గిలకొట్టి తీపి చేసినారు. తరువాత వేరు పోయి జెలటిన్ వచ్చినది, పేరు మాత్రము నిలిచినది. ఇంగ్లండులో దానినే రంగురంగుల పేటలుగా మెలిపెట్టి ఫ్లంప్స్ అనే పేరుతో అమ్ముతారు. చిన్ననాడు తిన్నవారు నెరిసిన తలలతో కూడ దానిని మరచిపోలేరట. ఆ సంగతి చదివినప్పుడు మా బత్తాసుకు దూరపు చుట్టమొకడు దొరికినాడే అని సంతోషించినాము.

అయితే ఒక భేదము ఉన్నది. ఫ్లంప్స్‌ను ఎవరైనా ఏ దినమైనా అంగడిలో కొని అక్కడే తినవచ్చును. బత్తాసు అట్లు కాదు. అది జాతరనుంచి ఇంటికి రావలె. జాతరకు రాలేనివారి కొరకు రావలె.

మా అవ్వ పుట్టినిల్లు ఆలూరు, మెట్టినిల్లు బళ్ళారి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లా చీలిపోయినది. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రలో చేరినవి. బళ్ళారితో సహా మిగిలినవి మైసూరులో కలిసినవి. తెల్లవారేసరికి అవ్వకు పుట్టినిల్లు పరరాష్ట్రమైనది. కాని దసరాకు దేవరగట్టు మాళ మల్లేశ్వరుని జాతర కాగానే అటునుంచి పొట్లము వచ్చేది. ఇక్కడ దుర్గమ్మ జాతర కాగానే ఇటునుంచి పోయేది. "రాష్ట్రాలు వేరైతే దేవుళ్ళు గూడ వేరైతారా అప్పా?" అనేది అవ్వ. మన బొరుగులను కన్నడమువారు మండక్కి అంటారు, మన చక్కెరను సక్కరె అంటారు, బత్తాసు మాత్రము రెండు భాషలలోను బత్తాసే.

ఇంత తెలిసిన మేమే ఒక యేడు తప్పు చేసినాము. మా తల్లిగారు మోకాళ్ళ నొప్పులతో గడప దాటలేని కాలమది. చక్కెర జబ్బు గూడ ఉండెను. సిడిబండి చూచి, తీపి తెస్తే ఆమె మనసు ఊరుకోదని తలచి, తెలివిగా వట్టి చేతులతో ఇల్లు చేరినాము. చాపపై కూర్చుని వాకిలి వైపు చూస్తున్న ఆమె, "పొట్లమేదప్పా?" అన్నది.

"నీకు చక్కెర జబ్బు గదమ్మా!"

"జబ్బు నాకుంటే వీధికంతా ఉందా అప్పా? పొద్దున్నే పిల్లోళ్ళు వస్తే ఏమిచ్చేది?"

మాకు తల కొట్టేసినట్లయినది. ఆమె పక్కన ఖాళీ కంచము, చింపిన పాత పత్రికల కాగితాలు సిద్ధముగా ఉన్నవి. కాలు కదలని ఆమెకు, జాతర అంటే ఆ పంచటమే. మరునాడు తెల్లవారుజామునే సైకిలెక్కి పోయినాము. అంగళ్ళవారు గుడారాలు విప్పుతున్నారు. గోనెసంచిలో అడుగున మిగిలిన బత్తాసులు, సగము పొడి అయినవి, తూచి ఇచ్చినారు. అమ్మ వాటిని ఏరి, చిన్న పొట్లాలు కట్టి, మొదటి పొట్లము పక్కింటి కన్నడ అజ్జికి పంపినది. పొడిని చీమలకు వేయించినది. తాను ఒక్కటి నోట వేసికొనలేదు. ఆ దినమంతా ఆమె ముఖములో కనబడిన వెలుగు మేము ఏ పండుగకూ చూడలేదు.

ఆమె పోయి ఇప్పటికి మూడేండ్లు. మైల గనుక మొదటి యేడు మేము జాతరకు పోలేదు. సిడిబండి మరునాడు పక్కింటి అజ్జి కోడలు మా వాకిట నిలబడి, "అమ్మగారు యేటేటా ఇచ్చేవారు గదా, ఈ యేడు మా వంతు" అని కన్నడములో చెప్పి, పొట్లము మా పిల్లల చేతిలో పెట్టినది. మాకు నోట మాట రాలేదు.

ఒక్క క్షణములో కరిగిపోయే తీపి ఇన్ని తరాలు ఎట్లు నిలిచినదో మాకు ఆనాడు అర్థమైనది. దాని రుచి నాలుకమీద కాదు, చేతులు మారటములో ఉన్నది. మన పిల్లలు నేడు బెంగుళూరులోను, హైదరాబాదులోను, సముద్రాలకు ఆవల గూడ ఉన్నారు. వారు ఇంటికి వచ్చే యేటికి జాతర కుదిరితే, ఒక పొట్లము కొనిపించండి. తినుమని చెప్పవద్దు. వీధిలో ఎవరెవరికి ఇవ్వవలెనో చెప్పి పంపండి.