మూడక్షరాల సుదీర్ఘ పరుగు

తెల్లవారేసరికి కుళాయిలో నీళ్లొస్తున్నాయి. పైన ఫ్యాన్ తిరుగుతోంది. చంటిదానికి ముక్కు కారుతోంది, ఒళ్లు కూడా కాస్త వెచ్చబడింది. కొత్త చీర తడిపితే రంగు దిగింది. డబ్బాలో కందిపప్పు నిండుకుంది. వీధి చివర టిఫిన్ సెంటర్ బాగా నడుస్తోంది. ఆ పక్క థియేటర్లో పోయిన నెల వచ్చిన సినిమా ఇంకా ఆడుతోంది. ఎదురింటాయన మున్సిపల్ ఎన్నికల్లో నిలబడ్డాడు.

ఒక ఇల్లు, ఒక పొద్దున, తొమ్మిది సంగతులు. వాటికి తెలుగు వాడింది తొమ్మిది క్రియలు. ఇవే సంగతుల్ని ఇంగ్లిష్‌లో చెప్పాలంటే అటూ ఇటూ ఒకట్రెండు చిన్న మాటలు తగిలించుకుని అన్నింటికీ ఒకే క్రియ సరిపోతుంది. అదే రన్. ఆర్, యు, ఎన్.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ లెక్క ప్రకారం క్రియగానే ఈ మాటకు 645 అర్థాలున్నాయి. పీటర్ గిలివర్ అనే సంపాదకుడు వాటిని వేరుచేసి, వరస పెట్టడానికి తొమ్మిది నెలలు కూర్చున్నారు. అంతకుముందు ఈ గొప్ప ‘సెట్’ అనే మాటది. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన రెండో ముద్రణలో సెట్‌కు 430 అర్థాలు చెప్పారు. ఆ ఒక్క పదం వివరణకే దాదాపు 60 వేల మాటలు పట్టాయి. అంటే ఓ మోస్తరు నవలంత. తర్వాత నిఘంటువును మళ్లీ సవరిస్తూ వస్తుంటే 2000లో ‘మేక్’ ముందుకొచ్చింది, 2007లో ‘పుట్’ దాన్ని దాటింది. 2011లో రన్ అన్నింటినీ వెనక్కి నెట్టేసింది. నాలుగూ మనకు మొదటి తరగతిలోనే వచ్చేసే మాటలు.

చిన్న మాటలకే ఇంత బరువెందుకు? అమెరికన్ భాషా పరిశోధకుడు జార్జ్ కింగ్స్‌లీ జిఫ్ 1945లోనే దీనికో సూత్రం చూపించాడు. ఎంత ఎక్కువగా వాడితే ఆ మాటకు అంత ఎక్కువ అర్థాలు. రోజూ నోట్లో నానే మాటే కొత్త అవసరం రాగానే ముందు గుర్తొస్తుంది. రన్ విషయంలో ఆ అవసరాల్ని తెచ్చిపెట్టినవి ముఖ్యంగా యంత్రాలు. పందొమ్మిదో శతాబ్దంలో రైళ్లొచ్చాయి, మిల్లులు పెరిగాయి. అవన్నీ రన్ అయ్యాయి. ఇరవయ్యో శతాబ్దంలో కంప్యూటర్ ప్రోగ్రాములూ అదే దారి పట్టాయి. కాళ్లున్నవాటికి పుట్టిన మాట చక్రాలకూ, ఆ తర్వాత చక్రాలు కూడా లేనివాటికీ సరిపోయింది.

నిజానికి ఆ మాట పుట్టుక కాళ్లతోనేనా అన్నదీ ఆలోచించాల్సిన సంగతి. పాత ఇంగ్లిష్‌లో దాని రూపం రిన్నన్. అర్థం పరుగెత్తడం, ప్రవహించడం కూడా. దాని జర్మన్ తోబుట్టువు రిన్నెన్ ఇప్పటికీ నీళ్లకే అంటిపెట్టుకుని ఉంది. కారడం, జాలువారడం దాని అర్థాలు. ఇక్కడ తెలుగువాళ్లు ఒక్క క్షణం ఆగాలి. బండి ఱతో రాసే మన ‘పాఱు’ కూడా అచ్చం ఇలాంటిదే. ఏరు పారుతుంది, కాలవ పారుతుంది. దొంగ పారిపోతాడు. అక్కడ ‘పారు’ అంటే పరుగే. వేల మైళ్ల దూరంలో, ఏ చుట్టరికమూ లేని రెండు భాషలు నీటి కదలికనీ మనిషి పరుగునీ ఒకే మాటతో పట్టుకున్నాయి. అయితే ఇంగ్లిష్ ఆ మాటను ప్రపంచమంతా తిప్పింది. తెలుగు మాత్రం పొలం గట్టు దగ్గరే ఉంచింది. మహా అయితే జూదం బల్ల దాకా తీసుకెళ్లింది. పాచిక పారిందనో, వాడి పాచిక పారలేదనో అంటాం కదా!

ఇక ఎన్నికలు. అమెరికాలో అభ్యర్థి ‘రన్’ చేస్తాడు. బ్రిటన్‌లో అభ్యర్థి ‘స్టాండ్’ అవుతాడు. తెలుగువాడూ నిలబడతాడు. 2024 జులైలో ట్రంప్ తన రన్నింగ్ మేట్‌గా జేడీ వాన్స్‌ను ప్రకటించగానే ఈ మాటతో మన పత్రికలకు మరీ దగ్గరగా పనిపడింది. వాన్స్ భార్య ఉషా చిలుకూరి పూర్వీకులది పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు మరి. రన్నింగ్ మేట్‌ను ఉన్నదున్నట్టు తెలుగు చేస్తే ‘తోడు పరుగు మనిషి’ అవుతుంది. అందుకే ఉపాధ్యక్ష అభ్యర్థి అని రాసుకున్నాం. అసలు అది గుర్రప్పందేల మాట. ఒకే యజమాని గుర్రాల్లో, గెలవాల్సినదానికి జోరు అందించడానికి పక్కన పరుగెత్తించే రెండో గుర్రాన్ని అలా పిలిచేవారు.

బ్యాంకు రన్ అయితే తర్జుమాకు మరీ మొండికేస్తుంది. 2007 సెప్టెంబర్‌లో బ్రిటన్‌లో నార్తర్న్ రాక్ బ్యాంకు ముందు డిపాజిట్‌దారులు తమ డబ్బు వెనక్కి తీసుకోవడానికి బారులు తీరారు. ఎవరూ పరుగెత్తలేదు, ఓపిగ్గా వరసలో నిలబడ్డారు. అయినా అది రన్నే. క్రికెట్‌లోనూ అంతే, సిక్సర్ కొట్టినవాడు అడుగు కదపకపోయినా 6 పరుగులే.

ఉత్తి పరుగు విషయానికొస్తే తెలుగు ఎవరికీ తీసిపోదు. కోస్తాలో పరుగెత్తితే తెలంగాణలో ఉరుకుతారు. గుర్రం దౌడు తీస్తుంది, లేగదూడ చెంగుచెంగున గెంతుతుంది. భయపడ్డవాడు కాలికి బుద్ధి చెబుతాడు. ఓడిన సైన్యం పలాయనం చిత్తగిస్తుంది. సొమ్ముతో గుమస్తా ఉడాయిస్తాడు, చిట్టీల కంపెనీ బోర్డు తిప్పేస్తుంది. వీటిలో ఏదీ ఇంకోదాని చోట అతకదు. సైన్యం బోర్డు తిప్పేసిందని ఎవరూ అనరు.

ఒకే మాటను నలుదిక్కులా తిప్పే విద్య మనకు రాదనుకుంటే మాత్రం పొరపాటు. ‘ఆడు’ను చూడండి. పిల్లలు ఆడతారు, సినిమా ఆడుతుంది. ఉక్కపోతలో ఆకు ఆడదు, ఊపిరాడదు. కంగారులో కాళ్లూ చేతులూ ఆడవు. వ్యాపారం బాగుంటే చేతిలో డబ్బాడుతుంది. అబద్ధమాడతాం, పోట్లాడతాం, వేటాడతాం. పెళ్లాడిన అమ్మాయి ఏడాది తిరిగేసరికి నీళ్లాడుతుంది, అంటే ప్రసవిస్తుంది. గానుగలో నూనె ఆడిస్తారు, మిల్లులో పిండి ఆడిస్తారు. చాలా ఊళ్లలో పిండి పట్టిస్తారు కూడా. ‘పట్టు’ది మరో పెద్ద కథ. ఇంగ్లిష్‌లో యంత్రాన్ని రన్ చేస్తే, మనం ఆడించాం. వాళ్లకు పరుగు కనిపించినచోట మనకు ఆట కనిపించింది.

అందుకే ఇప్పుడు వినిపిస్తున్న మాటలు కొంచెం బాధ పెడతాయి. షాపు రన్ చేస్తున్నాడు, మోటార్ రన్ అవుతోంది, స్కీమ్ రన్నింగ్‌లో ఉంది. రన్ వేనూ రన్ రేట్‌నూ రన్ అనడంలో తప్పేమీ లేదు, అవి వస్తువుతోపాటు వచ్చిన పేర్లు. కానీ నడిచే కొట్టుకూ తిరిగే మోటారుకూ మన దగ్గర ఎప్పటినుంచో మాటలున్నాయి. రన్ వచ్చి కూర్చున్న ప్రతిచోటా ఒక తెలుగు క్రియకు పని తగ్గుతోంది. ఆ క్రియతోపాటు దాని వెనకున్న చూపూ పోతుంది.

ఆ చూపు ఎలాంటిదో తెలియాలంటే మళ్లీ వంటింట్లోకి, ఆ కందిపప్పు డబ్బా దగ్గరికి రావాలి. సరుకు అయిపోవడాన్ని ఇంగ్లిష్ ‘రన్ అవుట్’ అంటుంది, పరుగెత్తి పరుగెత్తి చివరికొచ్చిందన్నట్టు. తెలుగింట్లో బియ్యమో పప్పో ఉప్పో ‘లేదు’ అనడానికి ఆడవాళ్లకు నోరు రాలేదు. ఖాళీ డబ్బాను చూస్తూ ‘నిండుకుంది’ అన్నారు. ఉన్నదానికి నేరుగా ఎదురైన మాట. విన్నవాళ్లెవరూ డబ్బా నిండుగా ఉందని పొరబడలేదు, సంచీ తీసుకుని కొట్టుకు బయల్దేరారు. ఇప్పుడు సరుకులు తెప్పించుకునే ఫోన్‌లో స్టాక్ లేదనే మాట ఎర్రగా కనిపిస్తుంది. ఫోన్ పట్టుకున్న మనవడికి వంటింట్లోంచి నాయనమ్మ కేక మాత్రం ఇంకా అలాగే వినిపిస్తోంది. ‘‘ఒరే, బియ్యం కూడా నిండుకున్నాయి, రాసుకో!’’